తూకానికి పోయినవి

2019 వేసవిలో మా బాపు రిటైరయ్యాడు. శ్రీరాంపూర్‌లో ఇరవై మూడేళ్ళు ఉన్న క్వార్టర్ ఖాళీ చేసి, మంచిర్యాలలో కట్టుకున్న ఇంటికి సామాను మార్చాలి. నేను హైదరాబాద్ నుంచి మూడు రోజులు సెలవు పెట్టి వెళ్ళాను. మంచం కింద తాత ఇనప్పెట్టె ఉంది. అందులో పగిలిన హెల్మెట్ ఒకటి, ఎండి అట్టలాగా అయిపోయిన తోలు బెల్టు, నాలుగైదు ఇత్తడి గిన్నెలు, నంబరు చెక్కిన ఓ ఇత్తడి బిళ్ళ.

తాత బెల్లంపల్లిలో బాయి పని చేసిన రోజుల నాటి బిళ్ళ అది. బయటివాళ్ళు గని అంటారు గానీ మా దగ్గర ఎవరూ ఆ మాట అనరు. బాయే. బాయి దిగేముందు ఈ బిళ్ళ ఇచ్చి ల్యాంపు తీసుకునేవారట. ఎక్కి వచ్చాక ల్యాంపు ఇచ్చి బిళ్ళ తీసుకునేవారు. షిఫ్టు అయిపోయాక కూడా ఎవరిదైనా బిళ్ళ ఇంకా మేకుకి వేలాడుతోందంటే ఆ మనిషి ఇంకా కిందే ఉన్నాడని లెక్క.

పాతసామాన్లతను అన్నీ కాంటా మీద పెట్టాడు. బిళ్ళ దగ్గరికొచ్చేసరికి ఆగి, తుడిచి, నా వైపు చాపాడు.

"సారూ, గిది ఉంచుకుంటరా?"

"ఏం చేసుకుంటం. వేసెయ్" అన్నాను.

బాపు అక్కడే నిలబడి ఉన్నాడు, ఏమీ అనలేదు. మొత్తం కలిపి పదహారు వందల నలభై రూపాయలు వచ్చాయి.

ఈ వ్యాసం ఓడల గురించి. కానీ ఆ బిళ్ళ సంగతి చెప్పకుండా మొదలుపెడితే అబద్ధం ఆడినట్టు ఉంటుందని చెప్పాను.

*

2020 ఆగస్టు. ఇంటి నుంచే పని. ఓ రిలీజ్ రాత్రి, బిల్డ్ అయ్యేలోగా ఏదో చదువుతూ 'వేవర్లీ' అనే స్టీమరు దగ్గరికి చేరాను. కొత్త బాయిలర్లు వేసుకుని రెండేళ్ళ తర్వాత మళ్ళీ నీళ్ళలోకి దిగిందని వార్త. ప్రపంచంలో ప్రయాణికులతో సముద్రం మీద తిరుగుతున్న చిట్టచివరి ప్యాడిల్ స్టీమరు అది. అక్కణ్ణుంచి దాని చుట్టాలందరి కథలూ చదువుకుంటూ పోయాను.

ప్యాడిల్ స్టీమరంటే, ఓడకి రెండు పక్కలా రాట్నాల్లాంటి పెద్ద చక్రాలు ఉంటాయి (కొన్నిటికి వెనకాల ఒక్కటే ఉంటుంది). చక్రం అంచున తెడ్లు. ఆవిరి ఇంజను చక్రాన్ని తిప్పితే తెడ్లు ఒకదాని తర్వాత ఒకటి నీళ్ళని వెనక్కి తోస్తాయి, ఓడ ముందుకి పోతుంది. నీళ్ళ అడుగున తిరిగే మరలాంటి ప్రొపెల్లర్ వచ్చాక సముద్రాల మీద చక్రాల పని అయిపోయింది. కానీ ప్రొపెల్లర్ పూర్తిగా మునగాలంటే లోతు కావాలి. చక్రానికి రెండు మూడు అడుగులు చాలు. అందుకే లోతు తక్కువున్న నదుల్లో, ఇసుక మేటల మధ్య చక్రాలే రాజ్యమేలాయి. ఈ సంగతి గుర్తుంచుకోండి, మన గోదావరి దగ్గర మళ్ళీ అవసరమవుతుంది.

'మెడ్వే క్వీన్' 1924లో స్కాట్లండులో కట్టిన ఇలాంటి స్టీమరు. సెలవుల్లో జనాన్ని షికారు తిప్పేది. 1940లో డంకర్క్ ఒడ్డున సైన్యం చిక్కుకుపోయినప్పుడు ఏడుసార్లు వెళ్ళొచ్చి ఏడు వేల మందిని తెచ్చిందంటారు. యుద్ధం అయ్యాక మళ్ళీ షికార్లు, తర్వాత అదీ లేదు. 1963లో తుక్కు కింద బెల్జియంలో ఓడలు విరగ్గొట్టే కంపెనీకి వెళ్ళింది. ఆ కంపెనీ ఏం చేసిందంటే, ఆ ఓడ ఏ ఓడో తెలిశాక విరగ్గొట్టడానికి మనసొప్పక వెనక్కి తీసుకెళ్ళండి అంది.

ఇది చదివి ల్యాప్‌టాప్ మూసేశాను. తుక్కు వ్యాపారి ఆగి, ఇది ఉంచుకుంటారా అని అడిగాడు. అక్కడ అవునన్న మనుషులున్నారు.

దాని తర్వాతి కథ అంత అందంగా ఏమీ లేదు. ఓ ద్వీపంలో కొన్నేళ్ళు నైట్‌క్లబ్బుగా ఉంది. మునిగింది. లేపారు. బురదలో కుళ్ళింది. 1985లో ఓ చిన్న సంఘం ఏర్పడి దాన్ని చేతిలోకి తీసుకుంది. ముప్ఫై ఏళ్ళ తర్వాత గానీ, పాత పద్ధతిలో రివెట్లు కొట్టి మళ్ళీ కట్టిన కొత్త అడుగుభాగంతో నీళ్ళ మీద తేలలేదు. కాపాడటం అంటే ఒకరోజు ధర్నా కాదు, ముప్ఫై ఏళ్ళ చాకిరీ.

వేవర్లీది ఇంకో దారి. పేరు వాల్టర్ స్కాట్ 1814 నవలది. అదే పేరున్న అంతకుముందు స్టీమరు డంకర్క్‌లోనే మునిగిపోయింది. దాని చోటు కోసం గ్లాస్గోలో కట్టిన ఈ ఓడ 1947లో తిరగడం మొదలుపెట్టింది. జనం కార్లు కొనుక్కున్నారు, సెలవులకి విమానమెక్కి స్పెయిన్ వెళ్ళడం నేర్చుకున్నారు. 1973 సీజన్ తర్వాత కంపెనీ ఇక నడపలేనంది. 1974లో ప్యాడిల్ స్టీమర్ ప్రిజర్వేషన్ సొసైటీకి ఒక్క పౌండుకి అమ్మింది. 1959లో పుట్టిన సంఘం అది. సభ్యులు కోటీశ్వరులు కాదు, ఓడల పిచ్చోళ్ళు. ఓడ ఎక్కడో కట్టేసి బొమ్మలా నిలబడుతుందని అమ్మినవాళ్ళూ అనుకున్నారు, కొన్నవాళ్ళలో చాలామందీ అనుకున్నారు. 1975 మే కల్లా టిక్కెట్లు అమ్మి నడిపించేశారు. అది ఇప్పటికీ నడుస్తోంది.

స్విట్జర్లాండ్‌లో లూసర్న్ సరస్సు మీద 1972లో ఇలాగే ఓ స్నేహితుల బృందం తయారై, ఐదు పాత స్టీమర్లని కొలిమికి పోకుండా ఆపింది. వాటిలో 'ఊరి' 1901 నాటిది. అవి మ్యూజియంలో లేవు, రోజూ జనాన్ని ఎక్కించుకుని తిరుగుతాయి.

సరిగ్గా వేవర్లీ ఆగిపోయిన 1973లోనే మనకి బాపు, ముళ్ళపూడి వెంకటరమణల 'అందాల రాముడు' వచ్చింది. రాజమండ్రి నుంచి భద్రాచలానికి లాంచీ మీద ప్రయాణం. 2006లో శేఖర్ కమ్ముల 'గోదావరి' కూడా ఆ దారే. గోదావరి మీద పడవంటే మనకి గుర్తొచ్చేది అదే. దానికి ముందు ఇక్కడ పొగ కక్కే స్టీమర్లు తిరిగాయని, అవి భద్రాచలం దాటి మా వైపుకి కూడా రావాలని చూశాయని నాకు ముప్ఫై రెండేళ్ళు వచ్చేదాకా తెలీదు.

*

ఆర్థర్ కాటన్ పేరు చెబితే ధవళేశ్వరం ఆనకట్ట గుర్తొస్తుంది. 1847లో మొదలై 1852లో పూర్తయింది. కోనసీమలో ఊరూరా ఆయన విగ్రహం ఉంటుంది. కానీ కాటన్ దృష్టిలో నది అంటే నీళ్ళు పారే కాలువ ఒక్కటే కాదు, రోడ్డు కూడా. ఈ దేశానికి రైలు కంటే నీటిదారి చవక అని ఆయన జీవితాంతం వాదించి, చాలామందికి విసుగు తెప్పించాడు. ఆ వాదనలో భాగమే పైగోదావరి పథకం. రాజమండ్రి దగ్గర నుంచి పాపికొండలు, భద్రాచలం దాటి, ఇంద్రావతి కలిసే చోటు దాటి, కాళేశ్వరం దగ్గర ప్రాణహితలోకి మళ్ళి, వార్ధా దాకా స్టీమర్లు వెళ్ళాలి. అటు నాగపూరు, బీరారు పత్తి కిందికి దిగి సముద్రానికి చేరాలి.

దారిలో మూడు చోట్ల రాతి అడ్డంకులు. మొదటిది భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెం. రెండోది ఇచ్ఛంపల్లి దగ్గర. మూడోది ప్రాణహిత మీద, అహేరి వైపు. పని కెప్టెన్ హేగ్‌కి అప్పగించారు. 1860లో నిజాంతో ఒప్పందం చేసుకుని గోదావరి ఎడమ ఒడ్డున సిరొంచ వైపు ప్రాంతాన్ని ఇంగ్లీషువాళ్ళు తీసుకున్నారు. నది మీద పోయే సరుకుకి సుంకం లేకుండా చేసుకున్నారు. సిరొంచ కేంద్రంగా ఏకంగా 'అప్పర్ గోదావరి' అనే జిల్లాయే పెట్టారు. కాళేశ్వరం గట్టు మీద నిలబడితే ఎదురుగా కనిపించే సిరొంచే. చిన్నప్పుడు పుష్కరాలకి వెళ్ళి, అవతల మహారాష్ట్ర అని వేలు పెట్టి చూపించుకున్న ఊరు.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఆగిపోయేసరికి లాంకషైర్ మిల్లులు మన పత్తి వైపు చూశాయి. పథకానికి అంతకు మించిన సమయం ఉండదు. దుమ్ముగూడెంలో ఆనకట్ట లేచింది. రాళ్ళని తప్పించుకుని పడవలు పోవడానికి పక్కన కాలువ, పడవని మెట్టు మెట్టుగా ఎక్కించి దించే లాకులు కట్టారు. నదిలో స్టీమర్లు తిరిగాయి. కానీ గోదావరి సంగతి మనకి తెలుసు కదా. వానాకాలంలో సముద్రంలా ఉంటుంది, ఎండాకాలంలో మోకాలి లోతు నీళ్ళకి ఇసుకలో మైలు నడవాలి. రెండడుగుల లోతు చాలన్న చక్రానికి కూడా ఆ రెండడుగులు ఏడాది పొడుగునా దొరకవు. ఇటు 1865లో యుద్ధం ముగిసి అమెరికా పత్తి మళ్ళీ వచ్చింది. అటు 1867లో బొంబాయి నుంచి రైలు నాగపూరు చేరింది. పత్తి పడమటికి తిరిగింది. 1871లో పైగోదావరి పనులు ఆపేయమన్నారు. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలు మద్రాసు కింద గోదావరి జిల్లాకి పోయాయి, జిల్లా అనే మాట కూడా చెరిగిపోయింది.

ఇందులో నన్ను పట్టుకుని వదలని విషయం ఒకటుంది. పనులు ఆగిపోయిన ఆ 1871లోనే జియలాజికల్ సర్వేకి చెందిన డాక్టర్ కింగ్ యెల్లందు దగ్గర బొగ్గు ఉన్నట్టు గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ, 1889లో తవ్వకం, 1920లో సింగరేణి కాలరీస్. ఆ బొగ్గు పొరలు ప్రాణహిత, గోదావరి లోయ వెంట దాదాపు 350 కిలోమీటర్లు ఉన్నాయి. అంటే హేగ్ స్టీమర్లు వెళ్ళాలనుకున్న లోయే ఇది. ఇన్నేళ్ళూ వాళ్ళు తిరిగిన, కొలిచిన, బాంబులు పెట్టి రాళ్ళు పగలగొట్టిన దారి పొడుగునా కింద బొగ్గుంది. ఆ బొగ్గు కోసమే తర్వాత రైలు వచ్చింది. 1929లో కాజీపేట, బల్లార్షా లైను పూర్తయింది. ఆ లైను మీద పుట్టిన ఊళ్ళే మావి. ఆ రైలు కూతకే మా తాత బెల్లంపల్లిలో దిగాడు.

ఆ స్టీమర్లని కాపాడమని ఇక్కడ ఎవరూ అడగలేదు. అడగాల్సిన అవసరం కూడా ఎవరికీ లేకపోయింది. ఒడ్డున ఉన్న కోయ, గోండు, నాయకపోడు ఊళ్ళకి ఆ ఓడలు ఏమిచ్చాయని? మాంచెస్టర్ మగ్గాల కోసం వచ్చాయి, ఆ మగ్గాలకి అక్కర తీరగానే పోయాయి. కాపాడుకోవాలన్న ఆశ పుట్టాలంటే ముందు అది మనదని అనిపించాలి. గ్లాస్గోలో కూలిపనివాడు కూడా ఏడాదికొకసారి పిల్లల్ని తీసుకుని వేవర్లీ ఎక్కాడు. అందుకే ఒక పౌండుకి కొని, దానికోసం జీవితాలు ఖర్చుపెట్టే మనుషులు అక్కడ పుట్టారు.

*

మనదని అనుకుంటే మనవాళ్ళూ ఊరుకోరు. దానికి సాక్ష్యం రాజమండ్రిలో ఉంది.

1900 ముందు మద్రాసు వైపు నుంచి రైల్లో వచ్చినవాళ్ళు కొవ్వూరులో దిగి, స్టీమరు మీద గోదావరి దాటి, రాజమండ్రిలో మళ్ళీ రైలెక్కేవారు. 1897లో మొదలుపెట్టిన హేవలాక్ వంతెన 1900లో తెరిచాక ఆ స్టీమర్లకి పని లేదు. 56 స్పాన్ల వంతెన, దాదాపు 2.7 కిలోమీటర్లు. 1997లో దాన్నీ రిటైర్ చేశారు. ఇనుమంతా విప్పి తుక్కుకి అమ్మేద్దామన్న మాట వచ్చినప్పుడు రాజమండ్రి జనం వద్దన్నారు. వంతెన నిలిచింది. పర్యాటకం, నడకదారి అని ఏళ్ళ తరబడి ప్రకటనలు వింటూ ఇంకా నిలబడే ఉంది. స్టీమర్లని మింగిన వంతెనే తుక్కు కాంటా దాకా వచ్చి వెనక్కి వెళ్ళింది.

బంగ్లాదేశ్‌లో ఇదే కథ మన కళ్ళ ముందే జరిగింది. ఢాకా నుంచి బరిశాల్, ఖుల్నా వైపు 'రాకెట్' అని పిలిచే ప్యాడిల్ స్టీమర్లు తిరిగేవి. వాటిలో మహసూద్ 1928ది, ఆస్ట్రిచ్ 1929ది. ఆవిరి ఇంజన్లు తీసేసి డీజిలువి పెట్టినా చక్రాలు మాత్రం అవే. 2022లో పద్మా వంతెన తెరిచారు. బస్సులో మూడు నాలుగు గంటల్లో పోయే దూరానికి రాత్రంతా స్టీమరెక్కేదెవరు? ఆ ఏడాదే సర్వీసు ఆగిపోయింది.

వంతెన వద్దని ఏ నోటితో అంటాం? అవతలి ఒడ్డున కాన్పు నొప్పులతో ఉన్న మనిషి స్టీమరు అందాన్ని చూస్తూ కూర్చోదు. పాతదాన్ని ప్రేమించేవాళ్ళు కొత్తదాన్ని తిట్టడం మొదలుపెడితే అక్కడికి వాదన ఓడిపోయినట్టే.

ఓడిపోయిన పోరాటాలూ ఉన్నాయి. బంగ్లాదేశ్ యుద్ధంలో పనిచేసిన విక్రాంత్‌ని 1997లో రిటైర్ చేసి, కొన్నేళ్ళు ముంబైలో మ్యూజియంగా ఉంచారు. తర్వాత ఖర్చు భరించలేమన్నారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2014లో విరగ్గొట్టారు. ఆ ఇనుముతో 2016లో బజాజ్ వీ అని మోటార్‌సైకిల్ వచ్చింది. మా టీమ్‌లో ఒకతను కొన్నాడు, ట్యాంకు మీద చెయ్యి వేయించి మరీ చూపించాడు. విశాఖలో కురుసుర అదృష్టవంతురాలు. 2001లో రిటైరైన ఆ సబ్‌మెరీన్‌ని ఆర్కే బీచ్‌లోకి లాగి 2002లో మ్యూజియం చేశారు. నేను ఇంజనీరింగ్‌లో ఉండగా టూర్‌కి వెళ్ళి దాని కడుపులో తల కొట్టుకున్నాను. ఆ మనుషులు ఎంత ఇరుకులో నెలల తరబడి బతికారో నా నుదురుకి తెలిసింది. ఏ పుస్తకమూ ఆ పని చెయ్యలేదు.

*

సాఫ్ట్‌వేర్‌లో మాకు పాత సిస్టమ్‌లతో రోజూ పనే. ఇరవై ఏళ్ళ కింద ఎవరో రాసిన ప్రోగ్రాం ఉంటుంది. కోడ్ అంతా భద్రంగానే ఉంటుంది. దాన్ని నడపడం తెలిసినాయన వెళ్ళిపోయాడు, అంతే. ఇక ఆ కోడ్ ఉన్నా లేనట్టే. స్టీమర్ల సంఘాలవాళ్ళు ఇది మాకంటే బాగా అర్థం చేసుకున్నారు. వేవర్లీ ఇంజనులో ఆవిరి మూడుసార్లు పని చేస్తుంది. బాయిలర్ నుంచి ముందు చిన్న సిలిండర్లోకి, ఒత్తిడి కొంత తగ్గాక మధ్య సిలిండర్లోకి, ఇంకా తగ్గాక పెద్దదాంట్లోకి. ప్రయాణికులు పక్కనే నిలబడి ఆ ఇనప చేతులు లేచి పడటం చూడొచ్చు. ఆ ఇంజనుకి ఎప్పుడు నూనె పట్టాలో, రేవు దగ్గరికొస్తుంటే ఎంత ముందు ఆవిరి తగ్గించాలో చేతులకి తెలియాలి. ఓడ తిరుగుతున్నన్నాళ్ళే ఆ విద్య ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోతుంది. కట్టేసిన మర్నాడే అది మనుషుల్లోంచి కారిపోవడం మొదలవుతుంది.

అందుకే 2019లో బాయిలర్లు పాడై ఆగిపోతే, ఇక చాలు, మ్యూజియం చేద్దాం అనలేదు. చందాలు, ప్రభుత్వం సొమ్ము కలిపి 23 లక్షల పౌండ్లు పోగేసి కొత్తవి వేశారు. ఇప్పటికి బాయిలర్లు చాలాసార్లు మారాయి. 2000 నుంచి 2003 దాకా ఓడనంతా దాదాపు విప్పి కట్టారు. ఇంకా అదే ఓడేనా అని అడిగేవాళ్ళుంటారు. మా అమ్మమ్మ ఇంట్లో రోకలికి పొన్ను మారింది, కర్ర మారింది, అయినా అది ముత్తమ్మమ్మ రోకలే. దంచుతున్నన్నాళ్ళూ అదే.

మా బెల్టులో ఇప్పుడు బాయిలు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి, వాటి మీదే ఓపెన్‌కాస్టులు వస్తున్నాయి. రామగుండంలో 1971లో మొదలైన 62.5 మెగావాట్ల పాత కరెంటు స్టేషన్ 2024లో ఆగిపోయింది. ఆవిరి యుగం అయిపోయిందని అనుకుంటాం గానీ, ఇప్పటికీ ఎన్టీపీసీలో 2,600 మెగావాట్లు తీసేది ఆవిరే. బాయిలర్ పెద్దదై గోడ వెనక్కి వెళ్ళిపోయింది, అంతే తేడా. మనుషుల కథలు అల్లం రాజయ్య లాంటివాళ్ళు రాశారు కాబట్టి నిలిచాయి. ఆ మనుషులు పట్టుకున్న ఇనుము సంగతి ఎవరు చూస్తారు? టబ్బుల్ని లాగిన హాలేజీ, బాయి మీద గిరగిరా తిరిగిన చక్రం, వీటిలో ఒక్కదాన్నయినా అది పని చేసిన చోటే, తిప్పడం తెలిసిన మనిషి ఇంకా ఉండగానే ఉంచుకోవాలి. ట్రాఫిక్ ఐలాండ్‌లో వెండి రంగు పూసి నిలబెట్టడం గురించి కాదు నేను చెప్పేది.

ఈ మాటే మొన్న సంక్రాంతికి బాపుతో అన్నాను. ఆయనకి నచ్చుతుందనుకున్నాను.

"ఎందుకురా? దాని కింద ఎంతమంది పోయిండ్రో ఎరుకనా? పోనియ్యి" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. వేవర్లీ ఎక్కినవాళ్ళకి అది సెలవు రోజు జ్ఞాపకం. హాలేజీ తాడు తెగితే ఏమవుతుందో చూసిన మనిషికి అది అలాంటి జ్ఞాపకం కాదు. ఏది ఉంచాలో చెప్పే హక్కు ఏసీ గదిలో కూర్చున్న నాకంటే ఆయనకే ఎక్కువ. కాసేపాగి ఆయనే మళ్ళీ అన్నాడు.

"మీ తాత బిళ్ళ ఉంచుకునేదుండె."

నాలుగు రోజుల తర్వాత శ్రీరాంపూర్ వెళ్ళి ఆ పాతసామాన్ల దుకాణం వెతికాను. అతనే ఉన్నాడు, గుర్తుపట్టలేదు. బిళ్ళ సంగతి చెబితే నవ్వాడు. ఇత్తడి అంతా అప్పుడే కరగడానికి పోయిందన్నాడు. నంబరేమిటని అడిగాడు, ఎక్కడైనా దొరికితే చెబుతానని. నేను నంబరు చూసుకోలేదు. బాపుకి ఫోన్ చేశాను. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా నాలుగంకెలూ చెప్పాడు.